రెండు స్ట్రోకుల మోటారు సైకిలు

రెండు స్ట్రోకుల మోటారు సైకిలు అనేది రెండు స్ట్రోకుల అంతర్దహన యంత్రంతో నడిచే ద్విచక్ర వాహనం. వాడుకలో దీనిని "టూ స్ట్రోక్ బండి" అంటారు. ఇందులో పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికి, అనగా క్రాంకుషాఫ్టు ఒక్క చుట్టు తిరిగేసరికి, ఇంజను తన పని చక్రాన్ని పూర్తి చేస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఇదే పనికి రెండు చుట్లు అవసరం. భారతదేశంలో 1960ల నుండి 1990ల వరకు తిరిగిన స్కూటర్లు, మోపెడ్లు, మోటారు సైకిళ్ళలో అత్యధికం ఈ రకానికి చెందినవే. కాలుష్య నియంత్రణ నిబంధనల వలన వీటి తయారీ ఆగిపోయినా, పాత బళ్ళను బాగు చేయించుకొని నడిపేవారు నేటికీ ఉన్నారు.

ఈ ఇంజనులో కందెన నూనె పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్ళి, తన పని చేసి, పెట్రోలుతో పాటే కాలిపోతుంది. అడుగున నిలవ ఉండి పదే పదే పిస్టనుకు అందే నూనె ఇందులో ఉండదు. కొత్తగా నేర్చుకునేవారు మొదట గ్రహించవలసిన విషయం ఇదే. నడిపే పద్ధతిలోను, నిర్వహణలోను ఈ బండికి ఉన్న ప్రత్యేక నియమాలలో చాలా వరకు దీని నుండి పుట్టినవే.

చరిత్ర

స్కాట్లండుకు చెందిన డుగాల్డ్ క్లర్క్ 1878లో రెండు స్ట్రోకుల ఇంజనును రూపొందించి, 1881లో పేటెంటు పొందాడు. ఇందులో ఇంధన మిశ్రమాన్ని లోపలికి నెట్టడానికి వేరొక సిలిండరు ఉండేది. ఇంగ్లండులో జోసెఫ్ డే 1891లో పేటెంటు పొందిన నమూనాలో ఆ పనిని క్రాంకు పెట్టె (క్రాంక్‌కేసు) చేసింది. తరువాతి కాలపు చిన్న మోటారు సైకిళ్ళ ఇంజన్లకు ఈ నమూనాయే మూలం.

ఇంగ్లండులోనే ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ 1908లో రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారు సైకిళ్ళ తయారీ ప్రారంభించాడు. మోటారు సైకిలుకు కిక్ స్టార్టరు అమర్చిన ఘనత కూడా సాధారణంగా ఆయనకే ఇస్తారు. జర్మనీకి చెందిన డి.కె.డబ్ల్యు. సంస్థ 1939లో తెచ్చిన ఆర్.టి. 125 బండిని రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అనేక దేశాలు అనుకరించాయి. ఇంగ్లండులోని బి.ఎస్.ఎ. బాంటమ్, 1955లో వచ్చిన యమహా తొలి మోటారు సైకిలు వై.ఎ.-1 దానిని చూసి చేసినవే.

తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థలో ఇంజనీరు వాల్టర్ కాడెన్ సైలెన్సరు ఆకారాన్ని మార్చి ఇంజను శక్తిని బాగా పెంచాడు. ఆ సంస్థ పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో పశ్చిమానికి పారిపోయి సుజుకిలో చేరాడు. 1962లో 50 సి.సి. ప్రపంచ పోటీని సుజుకి బండి మీద గెలిచాడు. అప్పటి నుండి దశాబ్దాల పాటు పందాలలో ఈ ఇంజన్లదే పైచేయి అయింది. ప్రపంచ స్థాయి పోటీలలో 500 సి.సి. తరగతి 2001తోను, చివరిగా మిగిలిన 125 సి.సి. తరగతి 2011తోను ముగిశాయి.

భారతదేశంలో

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961లో జావా 250 తయారీ మొదలైంది. 1973 నుండి ఆ బళ్ళు యెజ్డి పేరుతో వచ్చాయి. కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డి పేర్లు మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి గాని, ఆ బళ్ళలో ఉన్నవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. ఎస్కార్ట్స్ సంస్థ పోలండు నమూనా ఆధారంగా చేసిన రాజ్‌దూత్ 175 గ్రామీణ ప్రాంతాలలో బాగా వాడుకలో ఉండేది. 1973 నాటి హిందీ చలనచిత్రం బాబీలో కనిపించిన చిన్న మోటారు సైకిలు కూడా రాజ్‌దూత్ రకమే.

1980లలో జపాను సంస్థల సహకారంతో 100 సి.సి. బళ్ళు వచ్చాయి. వాటిలో 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 ప్రసిద్ధమైనది. దాని ఇంజను 98 సి.సి., బోరు, స్ట్రోకు రెండూ 50 మి.మీ., శక్తి సుమారు 11 అశ్వశక్తి, బండి బరువు సుమారు 100 కిలోలు. బరువు తక్కువ, శక్తి ఎక్కువ కావడం వలన అది త్వరగా వేగం అందుకొనేది.

బజాజ్ చేతక్ స్కూటరు, లూనా, టి.వి.ఎస్. 50 మోపెడ్లు కూడా ఈ ఇంజనుతోనే పనిచేసేవి. హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ పుష్పక్ అనే స్కూటరును తయారు చేసింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పల్లెలలో పాలు, కూరగాయలు, గడ్డి మోపులు మోసే మోపెడు చాలా కుటుంబాలకు మొదటి మోటారు వాహనం. పొలాలలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లలో కూడా ఈ రకపు ఇంజన్లే ఎక్కువగా ఉంటాయి.

పనిచేసే విధానం

ఈ ఇంజనులో కవాటాలు (వాల్వులు) ఉండవు. సిలిండరు గోడకు ఉన్న రంధ్రాలను పిస్టనే మూస్తూ, తెరుస్తూ ఉంటుంది. వీటిని పోర్టులు అంటారు.

* పిస్టను పైకి వెళ్ళేటప్పుడు దాని పైన ఉన్న మిశ్రమం ఒత్తిడికి గురవుతుంది. అదే సమయంలో పిస్టను కింద, క్రాంకు పెట్టెలో ఒత్తిడి తగ్గి, కార్బరేటరు నుండి కొత్త మిశ్రమం అందులోకి వస్తుంది.
* ప్లగ్గు నిప్పురవ్వతో మిశ్రమం మండి, పిస్టను కిందికి నెట్టబడుతుంది. దిగుతూ అది ముందు ఎగ్జాస్టు పోర్టును తెరుస్తుంది. పొగ బయటికి పోతుంది.
* ఇంకొంచెం దిగగానే ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకొంటాయి. క్రాంకు పెట్టెలోని కొత్త మిశ్రమం పైకి వచ్చి, మిగిలిన పొగను బయటికి నెడుతుంది.

ఈ క్రమంలో కొత్త మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. మైలేజీ తక్కువగా ఉండటానికి, కాలుష్యం ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. సైలెన్సరు లోపలి ఆకారం సరిగా ఉంటే, అందులో పుట్టే ఒత్తిడి తరంగం తిరిగి వచ్చి, బయటికి పోతున్న మిశ్రమాన్ని లోపలికి నెడుతుంది. ఇది ఇంజను ఒక స్థాయి వేగంలో తిరిగేటప్పుడే చక్కగా జరుగుతుంది. అందువలన ఈ బళ్ళు తక్కువ వేగంలో నిదానంగా ఉండి, ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా లాగుతాయి.

మిశ్రమం క్రాంకు పెట్టె గుండా ప్రయాణిస్తుంది కనుక అక్కడ నూనెను నిలవ ఉంచడం వీలు కాదు. బేరింగులకు, పిస్టనుకు, రింగులకు కావలసిన నూనె ఆ మిశ్రమంతోనే అందాలి.

ఆయిలు

ఈ ఇంజనుకు వాడే నూనెను "2టి ఆయిలు" అంటారు. ఇది మిశ్రమంతో పాటు కాలిపోవడానికి వీలుగా తయారైనది. కార్లలోను, నాలుగు స్ట్రోకుల బళ్ళలోను వాడే ఆయిలు దీనికి బదులు పోయరాదు. అది కాలినప్పుడు బూడిద, కార్బను ఎక్కువగా మిగులుతాయి. జపాను ప్రమాణాలలో జాసో ఎఫ్.సి., ఎఫ్.డి. తరగతుల ఆయిలు తక్కువ పొగ ఇస్తుంది.

జావా, యెజ్డి, రాజ్‌దూత్ 175 వంటి బళ్ళలో ఆయిలును పెట్రోలులో కలిపి పోయాలి. ఆర్.ఎక్స్. 100 వంటి బళ్ళలో ఆయిలుకు వేరే ట్యాంకు ఉంటుంది. ఇంజనుతో తిరిగే చిన్న పంపు, యాక్సిలరేటరు తిప్పిన మేరకు ఆయిలు పంపుతుంది. యమహా ఈ పద్ధతిని 1964లో ప్రవేశపెట్టింది.

కలిపే పాళ్ళు బండిని బట్టి మారతాయి. తయారీదారు చెప్పిన పాళ్ళనే పాటించాలి. లెక్క ఈ విధంగా ఉంటుంది:

* 50 : 1 (2 శాతం) - లీటరుకు 20 మి.లీ., 5 లీటర్లకు 100 మి.లీ.
* 40 : 1 (2.5 శాతం) - లీటరుకు 25 మి.లీ., 5 లీటర్లకు 125 మి.లీ.
* 25 : 1 (4 శాతం) - లీటరుకు 40 మి.లీ., 5 లీటర్లకు 200 మి.లీ.

ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. ఎక్కువైతే మంచిదే అనుకోవడం కూడా పొరపాటు. కార్బరేటరు జెట్టు గుండా వెళ్ళే ద్రవంలో ఆయిలు పెరిగిన మేరకు పెట్రోలు తగ్గుతుంది. దాని వలన మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ప్లగ్గు, సైలెన్సరు కార్బనుతో నిండుతాయి.

ఆయిలును వేరే డబ్బాలో కొంత పెట్రోలుతో కలిపి, బాగా కుదిపి, ఆ తరువాత ట్యాంకులో పోయడం మంచిది. నేరుగా ట్యాంకులో పోయవలసి వస్తే పెట్రోలు ట్యాపు కట్టి, ముందు ఆయిలు, దాని మీద పెట్రోలు పోసి, బండిని అటూ ఇటూ ఊపాలి. ట్యాపు తెరిచి ఉంటే కలవని ఆయిలు అడుగుకు దిగి కార్బరేటరులోకి పోతుంది.

పంపు ఉన్న బండిలో ఆయిలు ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఖాళీ అయినా గొట్టంలోకి గాలి చేరుతుంది. మళ్ళీ ఆయిలు పోసినంత మాత్రాన అది ఇంజనుకు అందదు. పంపు వద్ద ఉన్న స్క్రూ విప్పి గాలి పూర్తిగా పోయేవరకు ఆయిలు కారనిచ్చి బిగించాలి. పంపు పనితీరుపై అనుమానం ఉంటే, అది తేలేవరకు పెట్రోలులో కూడా ఆయిలు కలిపి నడపాలి.

నడిపే పద్ధతి

భారతదేశంలో గేర్లు ఉన్న మోటారు సైకిలు నడపడానికి 18 సంవత్సరాల వయస్సు నిండి ఉండాలి. ముందుగా లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్టు తప్పనిసరి. మొదటి పాఠాలు రద్దీ లేని మైదానంలో, అనుభవం ఉన్నవారి సమక్షంలో జరగాలి.

బయలుదేరే ముందు పెట్రోలు, ఆయిలు, టైర్లలో గాలి, రెండు బ్రేకులు, క్లచ్ తీగ, చైను వదులు చూడాలి. యాక్సిలరేటరు తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. తీగ పట్టేసి యాక్సిలరేటరు తిరిగి రాకపోవడం కొత్తవారికి చాలా ప్రమాదకరం.

స్టార్టు చేయడం: పెట్రోలు ట్యాపు తెరిచి, గేరు న్యూట్రలులో ఉందని చూసుకొని, ఇంజను చల్లగా ఉంటే చోకు లాగి, యాక్సిలరేటరు తిప్పకుండా కిక్కు కొట్టాలి. స్టార్టు అయిన తరువాత కొద్దిసేపటిలో చోకు తీసివేయాలి. ఇంజను కొంచెం వేడెక్కేవరకు గట్టిగా రైజ్ చేయరాదు. అల్యూమినియం పిస్టను, ఇనుప సిలిండరు కన్నా త్వరగా వ్యాకోచిస్తుంది. చల్లని ఇంజనును ఒక్కసారిగా లాగిస్తే పిస్టను సిలిండరుకు ఒరుసుకొనే అవకాశం ఉంది. జావా, యెజ్డి బళ్ళలో కిక్కుకు, గేరుకు ఒకే కాడ ఉంటుంది. కిక్కు కొట్టిన తరువాత దానిని గేరు స్థానానికి తిప్పుకోవాలి.

బయలుదేరడం: ఈ ఇంజనుకు తక్కువ వేగంలో శక్తి తక్కువ. కనుక యాక్సిలరేటరు కొద్దిగా తిప్పి ఉంచి, క్లచ్ నిదానంగా వదలాలి. ఒకేసారి వదిలితే బండి ఆగిపోతుంది, లేదా ముందుకు దూకుతుంది. క్లచ్ ఏ స్థానంలో పట్టుకుంటుందో చేతికి అలవాటయ్యేవరకు మొదటి గేరులోనే సాధన చేయాలి.

గేర్లు మార్చడం: పెద్ద గేరులో నిదానంగా ఈడ్పించడం ఇంజనుకు మంచిది కాదు. బండి ఊగిసలాడుతూ ఉంటే గేరు తగ్గించాలి. మరోవైపు, ఇంజను వేగం పెరిగేకొద్దీ బండి ఒక్కసారిగా లాగుతుంది కనుక మలుపులలోను, తడి రోడ్డు మీద, ఇసుక మీద యాక్సిలరేటరును కొద్దికొద్దిగానే తిప్పాలి.

బ్రేకులు: యాక్సిలరేటరు వదిలితే నాలుగు స్ట్రోకుల బండి నెమ్మదించినంతగా ఈ బండి నెమ్మదించదు. పాత బళ్ళలో సాధారణంగా ఉండేవి డ్రమ్ము బ్రేకులు. కాబట్టి ముందున్న వాహనానికి ఎక్కువ దూరం వదిలి, రెండు బ్రేకులూ కలిపి వేయడం అలవాటు చేసుకోవాలి.

వాలు దిగేటప్పుడు: శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్ల వంటి చోట్ల యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులో చాలాసేపు దిగరాదు. చక్రం తిప్పుతున్నందున ఇంజను వేగంగానే తిరుగుతూ ఉంటుంది. కాని మిశ్రమం రాదు కనుక దానితో రావలసిన ఆయిలూ రాదు. పిస్టను పొడిగా తిరుగుతుంది. చిన్న గేరులో ఉంటూ, ప్రతి కొన్ని సెకన్లకు యాక్సిలరేటరును కొద్దిగా తెరుస్తూ, బ్రేకులతో వేగాన్ని అదుపు చేయాలి. పెట్రోలు ఆదా కోసం ఇంజను ఆపి గేరులో దిగడం ఇంకా హానికరం.

ఇంజను పట్టేసినప్పుడు

పిస్టను వేడెక్కి సిలిండరులో బిగుసుకుపోవడాన్ని "ఇంజను పట్టేయడం" లేదా "సీజ్ అవడం" అంటారు. ఆయిలు అందకపోవడం, మిశ్రమం పలచబడటం, ఎక్కడో గాలి లోపలికి పీల్చుకోవడం, ఎక్కువ దూరం ఆపకుండా పూర్తి వేగంతో నడపడం దీనికి సాధారణ కారణాలు.

ఇది వేగంగా వెళ్ళేటప్పుడు జరిగితే వెనుక చక్రం తిరగకుండా ఆగిపోయి, బండి జారి పడిపోవచ్చు. ముందుగా ఇంజను శబ్దం మారుతుంది. ఎవరో వెనక్కి లాగుతున్నట్లు బండి శక్తి తగ్గుతుంది. ఆ క్షణంలోనే క్లచ్ పూర్తిగా పట్టుకోవాలి. క్లచ్ పట్టగానే చక్రానికి, ఇంజనుకు సంబంధం తెగిపోతుంది. తరువాత యాక్సిలరేటరు వదిలి, బండిని రోడ్డు పక్కకు చేర్చాలి. పాత టూ స్ట్రోక్ బళ్ళు నడిపేవారు ఒకటి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచడానికి కారణం ఇదే.

ఇంజను మీద నీళ్ళు పోయరాదు. దానంతట అది చల్లారేవరకు వేచి, నెమ్మదిగా కిక్కు కదిపి చూడాలి. తిరిగితే, కారణం తెలుసుకొని, నిదానంగా మెకానిక్కు వద్దకు వెళ్ళాలి. సిలిండరు గీతలు పడితే బోరింగ్ చేయించి, 0.25 మి.మీ. లేదా 0.50 మి.మీ. పెద్ద సైజు పిస్టను వేయాలి. బోరింగ్ తరువాత మొదటి 500 నుండి 1000 కిలోమీటర్ల వరకు ఒకే వేగంతో చాలాసేపు గాని, పూర్తి యాక్సిలరేటరుతో గాని నడపకూడదు.

నిర్వహణ

ప్లగ్గు: లోపల మంట ఎలా ఉందో ప్లగ్గు రంగు చెబుతుంది. లేత గోధుమ రంగు సరైనది. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు లేదా ఆయిలు ఎక్కువైనట్లు. తెల్లగా ఉంటే మిశ్రమం పలచబడినట్లు. ఇది ఇంజను పట్టేయడానికి ముందు సూచన కనుక అలక్ష్యం చేయరాదు. చాలా బళ్ళలో ప్లగ్గు సందు 0.6 - 0.7 మి.మీ. ఉండాలి. దూర ప్రయాణాలలో ఒక మంచి ప్లగ్గు, ప్లగ్గు పానా వెంట ఉంచుకోవాలి.

ఎయిర్ ఫిల్టరు: దుమ్ము పట్టిన ఫిల్టరు వలన మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై పొగ వస్తుంది. చిరిగిన ఫిల్టరు వలన దుమ్ము సిలిండరులోకి పోయి రింగులు అరుగుతాయి. స్పాంజి ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు అద్ది, గట్టిగా పిండి అమర్చాలి. శబ్దం కోసం ఫిల్టరు తీసివేయడం వలన మిశ్రమం పలచబడుతుంది.

కార్బను తీయడం: ఆయిలు కాలగా మిగిలిన మసి పిస్టను పైన, ఎగ్జాస్టు పోర్టులో, సైలెన్సరులో గట్టిపడుతుంది. బండి క్రమంగా శక్తి కోల్పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకొకసారి హెడ్డు, సైలెన్సరు విప్పి దీనిని తీయించాలి. గీతలు పడకుండా చెక్క ముక్కతో గాని మెత్తని లోహంతో గాని గీకాలి.

గేరుబాక్సు ఆయిలు: గేర్లకు, క్లచ్చుకు ఉండే ఆయిలు వేరు. అది కాలిపోదు. దానిని నిర్ణీత కాలానికి మార్చాలి. 2టి ఆయిలును గేరుబాక్సులో, గేరు ఆయిలును పెట్రోలులో పోయడం కొత్తవారు చేసే పొరపాటు.

గాలి చొరబడే చోట్లు: కార్బరేటరును సిలిండరుకు కలిపే రబ్బరు, గాస్కెట్లు, క్రాంకుషాఫ్టు సీళ్ళు పాతబడితే అక్కడి నుండి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం తగ్గకపోవడం దీనికి గుర్తు.

పెట్రోలు: భారతదేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు సాధారణమైంది. పాత టూ స్ట్రోక్ బళ్ళు దీని కోసం తయారైనవి కావు. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాలు కలిసి ట్యాంకు అడుగున వేరుపడతాయి. పాత రబ్బరు గొట్టాలు, సీళ్ళు దెబ్బతింటాయి. ఇథనాలులో ఉండే ఆక్సిజను వలన మిశ్రమం కొంత పలచబడుతుంది. కాబట్టి కొత్త గొట్టాలు వేయించడం, ప్లగ్గు రంగు తరచూ చూడటం, అవసరమైతే పెద్ద జెట్టు వేయించడం మంచిది. కొన్ని వారాలపాటు బండి తీయనప్పుడు ట్యాపు కట్టి, కార్బరేటరు అడుగున ఉన్న స్క్రూ విప్పి పెట్రోలు తీసివేయాలి.

సాధారణ లోపాలు, కారణాలు

* కిక్కు కొట్టినా స్టార్టు కాకపోవడం, ప్లగ్గు తడిగా ఉండటం: పెట్రోలు ఎక్కువైంది. ట్యాపు కట్టి, ప్లగ్గు తీసి తుడిచి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి కొన్ని కిక్కులు కొట్టిన తరువాత ప్లగ్గు బిగించాలి. పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది కనుక అప్పుడు ఇగ్నిషన్ ఆపి ఉంచాలి.
* ప్లగ్గు పొడిగా ఉండటం: పెట్రోలు అందడం లేదు. ట్యాపు, గొట్టం, జెట్టు చూడాలి.
* ప్లగ్గులో నిప్పురవ్వ లేకపోవడం: ప్లగ్గు, దాని టోపీ, పాయింట్లు, కండెన్సరు, కాయిలు వరుసగా చూడాలి.
* తెల్లని పొగ విపరీతంగా రావడం, గేరు ఆయిలు తగ్గడం: క్లచ్ వైపు క్రాంకు సీలు పోయింది.
* కొంత దూరం వెళ్ళాక ఆగి, కాసేపటికి మళ్ళీ స్టార్టు కావడం: ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోవడం, లేదా వేడికి కాయిలు పనిచేయకపోవడం.
* కిక్కు తేలికగా దిగిపోవడం: రింగులు, బోరు అరిగి ఒత్తిడి తగ్గింది.

కాలుష్యం, నిబంధనలు

కాలకుండా బయటికి వచ్చే పెట్రోలు, కాలిన ఆయిలు పొగ నగరాల గాలిని బాగా కలుషితం చేశాయి. 2000వ సంవత్సరం నుండి నిబంధనలు కఠినమవుతూ రాగా, సంస్థలు ఒక్కొక్కటిగా నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు మారాయి. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చే నాటికి మోపెడ్లలో సైతం ఈ ఇంజన్లు నిలిచిపోయాయి.

పాత బళ్ళకు కూడా కాలుష్య ధ్రువపత్రం తప్పనిసరి. 2000 మార్చికి ముందు తయారైన ద్విచక్ర వాహనాల పొగలో కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పి.పి.ఎం. మించరాదు. ఆ తరువాత తయారైన టూ స్ట్రోక్ బళ్ళకు ఈ పరిమితులు 3.5 శాతం, 6000 పి.పి.ఎం. రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. పాత బండి కొనేవారు ఇంజను, చాసిస్ సంఖ్యలు పత్రాలతో సరిపోలుతున్నాయో లేదో ముందు చూసుకోవాలి. మూసిన గదిలో ఈ ఇంజనును నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

సరైన పాళ్ళలో మంచి ఆయిలు, శుభ్రమైన ఫిల్టరు, సరైన జెట్టు ఉన్న బండి తక్కువ పొగ విడుస్తుంది. ఇంజను ఎక్కువ కాలం మన్నడానికి కావలసినవి కూడా ఇవే.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* కార్బరేటరు
* నాలుగు స్ట్రోకుల ఇంజను
* మోపెడు
* వాయు కాలుష్యం